గడువు దాటిన వల

2023 జూలైలో అలాస్కాలోని బ్రిస్టల్ బేలో ఒక సాయంత్రం, వేట ఆపాల్సిన సమయం దాటాక కూడా మా పడవ వల నీళ్ళలోనే ఉంది. ఇంజను చెడిపోలేదు, గాలివాన రాలేదు, గడియారం తప్పు చూపించలేదు. వల ఆలస్యంగా తీయడానికి కారణం నేను. కేసు మాత్రం నా మీద పడలేదు. నన్ను నమ్మి కాసేపు నడుం వాల్చిన మనిషి మీద పడింది.

ఈ సంగతి ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పుకోలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు పోయిన మన పిల్లలు కొందరు "అలాస్కా వెళ్తే ఒక్క వేసవిలో బాగా సంపాదించొచ్చట కదా అన్నా" అని నన్ను అడుగుతున్నారు. పని ఎంత కష్టమో అడుగుతారు, చేతికి ఎంతొస్తుందో అడుగుతారు. అక్కడి నిబంధనల గురించి ఒక్కరూ అడగరు. నేనూ అడగలేదు. నా తప్పు మొదలైంది అక్కడే.

మాది కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. మా మేనమామకు మరబోటు ఉండేది. ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలవగానే బోట్లన్నీ ఒడ్డుకు చేరేవి. ఇంజన్లు విప్పడం, చెక్కలు మార్చడం, రంగులు వేయడం, చిరిగిన వలలు అల్లుకోవడం, ఆ రోజుల్లో ఊరంతా ఇదే పని. నా చిన్నప్పుడు నిషేధం నెలన్నర ఉండేది. 2015 నుంచి తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజులైంది. మా పెద్దవాళ్ళ మాటల్లో అవి సర్కారు మన దగ్గర లాక్కున్న రోజులు. "రెండ్రోజులు ముందెళ్తే ఎవడి కొంప మునుగుద్ది?" అన్న మాట వింటూనే పెరిగాను. నిబంధన అంటే పైనుంచి వచ్చి పడేదనీ, వీలున్నంత మేర సాగదీసుకోవాల్సిందనీ నాకు తెలియకుండానే ఒంటబట్టింది.

తర్వాత చదువు, అమెరికా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2022 చివర్లో ఆ ఉద్యోగం పోయింది. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. ఏటా జూన్ రాగానే బ్రిస్టల్ బేకి వెళ్ళి సాల్మన్ పట్టి, జూలై ఆఖరుకు తిరిగొచ్చే మనిషి. మాటల మధ్యలో మా మేనమామ బోటు సంగతి విని, "పడవల మధ్య పెరిగినవాడివి, ఈసారి నాతో రా" అన్నారు. గ్రీన్‌కార్డు ఉంది కనుక ఇబ్బంది లేదు. పడవ మీద పనిచేసేవాళ్ళు తీసుకోవాల్సిన లైసెన్సు కొనుక్కున్నాను. కొత్తవాణ్ణి కాబట్టి రాబడిలో పది శాతం వాటా అనుకున్నాం. బయల్దేరే ముందు ఆయన ఒక పుస్తకం చేతిలో పెట్టారు. బ్రిస్టల్ బే వాణిజ్య వేట నిబంధనలు. విమానంలో నాలుగు పేజీలు తిప్పి సంచిలో పెట్టేశాను.

చదివి ఉంటే నేను వెళ్తున్నది ఎలాంటి చోటికో తెలిసేది.

బ్రిస్టల్ బే అలాస్కాకు నైరుతి మూల. ప్రపంచంలో సాకై సాల్మన్ అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఇక్కడికే. ఈ చేప పుట్టేది ఎగువన సరస్సుల్లో, వాటిలో కలిసే వాగుల గులకరాళ్ళ మధ్య. పిల్లగా ఏడాదో రెండేళ్ళో సరస్సులో పెరుగుతుంది. తర్వాత నది వెంట సముద్రంలోకి దిగి అక్కడ రెండు మూడేళ్ళు తిరుగుతుంది. గుడ్లు పెట్టే వయసు రాగానే తాను పుట్టిన నీటి వాసన పట్టుకుని అదే నదిలోకి మళ్ళీ ఎక్కుతుంది. మంచినీళ్ళలోకి వచ్చాక ఆహారం ముట్టదు. ఒంటి కొవ్వు మీదే ఎదురీది, గుడ్లు పెట్టి, చనిపోతుంది. మన గోదావరికి వరద నీటితో ఎదురెక్కే పులసదీ ఇలాంటి దారే, కాకపోతే పులస గుడ్లు పెట్టాక మళ్ళీ సముద్రానికి పోగలదు. సాల్మన్‌కు తిరుగు ప్రయాణం లేదు, రెండో కాన్పు లేదు. నది ముఖద్వారం దగ్గర వలలో పడిన ప్రతి చేపా ఇంకా గుడ్డు పెట్టని చేపే.

పైగా అవన్నీ దాదాపు ఒకేసారి వస్తాయి. జూన్ మూడో వారంలో మొదలై, జూలై 4 చుట్టుపక్కల ఉధృతమై, జూలై నెలాఖరుకు పలచబడతాయి. ఈ కొద్ది వారాల కోసం సుమారు 1,800 డ్రిఫ్ట్ (వల దించి దానితో పాటు తేలుతూ పట్టే) పర్మిట్లున్న వాళ్ళు పడవలతో దిగుతారు. ఒడ్డున వలలు కట్టే కుటుంబాలు వేరే. అడ్డూ అదుపూ లేకుండా వదిలేస్తే ఈ పడవలు ఒక నదికి రావాల్సిన చేపనంతా నాలుగు పోట్లలో ఊడ్చేయగలవు. అందుకే ఇక్కడ ప్రతిదానికీ కొలత ఉంది. పడవ పొడవు 32 అడుగులు దాటకూడదు. మరపడవలను అనుమతించిందే 1951లో. అంతకు ముందు తెరచాప పడవలే. ఒక పర్మిట్‌కు వల 150 ఫాథమ్‌లు, అంటే మన మత్స్యకారుల లెక్కలో 150 బారలు, 270 మీటర్ల పైమాట. సాకై సీజన్‌లో వల కన్ను ఐదున్నర అంగుళాలకు మించకూడదు, పెద్దవైన కింగ్ సాల్మన్ చిక్కుకోకుండా. పర్మిట్ల సంఖ్యను 1973 చట్టంతో కట్టడి చేశారు. కొత్తగా రావాలనుకున్నవాడు ఉన్నవాడి దగ్గర కొనుక్కోవాల్సిందే. పర్మిట్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి పడవలో ఉండి తీరాలి. బేలో ఐదు జిల్లాలున్నాయి. నాక్‌నెక్-క్విచాక్, ఎగెగిక్, ఉగాషిక్, నుషగాక్, టోగియాక్. ఒకచోట పేరు నమోదు చేసుకుని ఇంకోచోటికి మారాలంటే మామూలుగా 48 గంటలు వల దించకుండా ఆగాలి.

వీటన్నిటి కన్నా ముఖ్యమైంది వేట ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు అన్నది. మన దగ్గరలా ముందే అచ్చయిన తేదీలు ఇక్కడ సరిపోవు. రాష్ట్ర చేపల శాఖ ప్రతి నదికీ ఒక లక్ష్యం పెట్టుకుంటుంది. ఇన్ని చేపలు వలలు తప్పించుకుని ఎగువకు చేరాలని. ఎగెగిక్‌కు 8 లక్షల నుంచి 20 లక్షలు. క్విచాక్‌కు 20 లక్షల నుంచి కోటి. ఎగువకు పోతున్న చేపను రాత్రీ పగలూ లెక్కపెడతారు. లెక్క వెనకబడితే వేట మూస్తారు, ముందుకెళ్తే తెరుస్తారు. ఆ ఉత్తర్వు కొద్ది గంటల ముందు రేడియోలో వినిపిస్తుంది. ఎనిమిది గంటలు తెరిచాం అంటే ఎనిమిది గంటలే. మూసే నిమిషానికి వల మొత్తం నీళ్ళలోంచి బయటికి వచ్చి ఉండాలి.

మొదట్లో నాకిది నచ్చలేదు. కళ్ళెదుట నీళ్ళు కుతకుతలాడుతూ చేప ఎగిరి పడుతుంటే, లంగరేసుకుని కూర్చుని రేడియో వినడం. పక్క పడవల వాళ్ళూ విసుక్కునేవారు. కానీ వాళ్ళ విసుగూ నా విసుగూ ఒకటి కాదని తర్వాత తెలిసింది. వాళ్ళు ఉత్తర్వును తిట్టుకుంటూనే నిమిషం తేడా రాకుండా పాటించేవారు.

ఆ ఏడాది ధర పడిపోతుందన్న మాట సీజన్ మధ్యలోనే పాకింది. 2022లో పౌండుకు 1.15 డాలర్లు మూల ధరగా ఇచ్చిన చేపకు ఈసారి అందులో సగం కూడా రాదంటున్నారు. తర్వాత అదే నిజమైంది, 50 సెంట్లు ప్రకటించారు. నేను మాత్రం వెళ్ళే ముందే లెక్కలు వేసుకున్నాను. ఇంటి వాయిదాలు, అమ్మానాన్నలకు పంపాల్సింది, కొత్త ఉద్యోగం దొరికేదాకా గడవాల్సింది. ధర సగమైతే చేప రెట్టింపు పట్టాలి. నా బుర్రలో తిరుగుతున్న లెక్క ఇదొక్కటే.

అప్పుడు మేం ఎగెగిక్‌లో ఉన్నాం. వేట సాయంత్రం ఆరింటికి మూస్తారు. అంతకు ముందు రాత్రంతా కెప్టెన్, అంటే నన్ను తీసుకొచ్చిన ఆ పెద్దాయన, నిద్రపోలేదు. నాలుగున్నరకు వల చివరిసారి దించాక, "ఐదుంపావుకు నన్ను లేపు. వల లాగడం అప్పుడే మొదలుపెట్టాలి. పోటు మారేటప్పుడు చేప ఒక్కసారిగా తగులుతుంది, బరువెక్కుతుంది" అని చెప్పి లోపల నడుం వాల్చారు. పడవలో ఇంకో కుర్రాడున్నాడు, నాలుగైదు సీజన్లు చేసినవాడు. వాడు వెనక డెక్ మీద, అంతకు ముందు పట్టిన చేపలను సర్దుతున్నాడు. టైము చూడడం నా పని.

ఐదు దాటాక చేప తగలడం మొదలైంది. బెండ్ల వరస పొడవునా నీళ్ళు తెల్లగా చిందుతున్నాయి. ఒకచోట బెండ్లు మునిగిపోయాయి, అంత బరువు. నా కళ్ళు గడియారం మీదా వల మీదా తిరుగుతున్నాయి. ఐదుంపావు అయింది. ఇంకో పది నిమిషాలు ఉంచితే ఎన్ని వందలు ఎక్కుతాయో అనుకున్నాను. వెనకనుంచి ఆ కుర్రాడు "టైమెంతయింది?" అని అరిచాడు. "ఇంకా ఉంది" అన్నాను.

ఇది అబద్ధమని నోరు తెరిచేటప్పుడే నాకు తెలుసు. ఈ కథలో నన్ను నేను ఎలా సమర్థించుకోవాలన్నా ఈ మాట దగ్గర ఆగిపోతాను. నిద్రమత్తనో, లెక్క తప్పిందనో, కొత్తవాణ్ణనో చెప్పడానికి లేదు.

ఐదున్నరకు కెప్టెన్‌ను లేపాను. ఆయన బయటికొచ్చి గడియారం చూశారు, వల చూశారు, ఏమీ అనలేదు. వల చుట్టే యంత్రం తిప్పారు. చేపలను విడదీయకుండా వలతో సహా డెక్ మీదికి లాగేస్తున్నాం. కానీ ఆ బరువుకు యంత్రం ముక్కుతోంది. వల చుక్కాని వైపు కొట్టుకొచ్చింది. దాన్ని తప్పించడానికి పడవను తిప్పాల్సి వచ్చింది. చేప మోకాలి లోతు పేరుకుంది, కాలు కదపడానికి చోటు లేదు. రేడియోలో ఎవరో ఆరయిందని అన్నారు. అప్పటికి వలలో మూడో వంతు, దగ్గర దగ్గర యాభై బారలు, ఇంకా నీళ్ళలో ఉంది. చుట్టుపక్కల పడవలన్నీ వలలు ఎత్తేసి ఒడ్డు వైపు తిరిగాయి. ఖాళీ నీళ్ళ మీద మా బెండ్లు ఒక్కటే తేలుతున్నాయి. ట్రూపర్ల (రాష్ట్ర పోలీసుల) పడవ నేరుగా మా దగ్గరికొచ్చింది.

వాళ్ళు కేకలు వేయలేదు. వీడియో తీశారు, టైము రాసుకున్నారు, వల మొత్తం ఎక్కేదాకా ఆగారు. పర్మిట్ ఎవరిదని అడిగారు. "నాది" అన్నారు కెప్టెన్. ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానం ఒక్కటే: "నా పడవ, నా వల." నేను నోరు విప్పబోతే చేత్తో ఆపారు.

అలాస్కాలో ఇలాంటి ఉల్లంఘనకు ఉద్దేశంతో పని లేదు. కావాలని చేశావా, పొరపాటున జరిగిందా అన్న వాదన శిక్ష పడకుండా ఆపదు. మూసిన సమయంలో వల నీళ్ళలో ఉందా లేదా అన్నదే చూస్తారు. జరిమానా మొదటిసారి అయితే మూడు వేల డాలర్ల దాకా ఉండొచ్చు, పదేళ్ళలోపు మళ్ళీ దొరికితే అది పెరుగుతుంది. అక్రమంగా పట్టిన చేప విలువ రాష్ట్రానికి పోతుంది. పర్మిట్ మీద పాయింట్లు పడతాయి, అవి పోగుపడితే వేట హక్కే కొంతకాలం రద్దవుతుంది. అన్ని సీజన్లలో ఆ మనిషికి ఒక్క పాయింటు లేదు. జరిమానా పడవ ఖర్చుల్లో కలిసింది. అంటే నేను అబద్ధం చెప్పిన ఆ కుర్రాడి వాటాలోంచి కూడా పోయింది.

ఆ రాత్రి కెప్టెన్‌తో నిజం చెప్పాను. ఐదుంపావుకు మెలకువగానే ఉన్నాననీ, చూస్తూనే ఆగాననీ, వెనకవాడికి అబద్ధం చెప్పాననీ. నా వాటా తీసుకోనన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వాటా ఒప్పందం ప్రకారమే ఇస్తాను. రేపటినుంచి కూడా టైము నువ్వే చూడాలి. మూసే గంట ముందునుంచి ప్రతి పది నిమిషాలకూ పైకి అరిచి చెప్పాలి" అన్నారు. ఆ కుర్రాడు మాత్రం సీజన్ అయ్యేదాకా నేను చెప్పిన ప్రతి టైమునూ తన ఫోన్‌లో సరిచూసుకున్నాడు. ఆ జరిమానాలో నాకు అన్నిటికన్నా బరువుగా తగిలింది అదే.

సీజన్ చివర్లో, చేపల శాఖలో వేసవి పనికి వచ్చిన ఒకమ్మాయి పరిచయమై నాక్‌నెక్ నది మీద లెక్కపెట్టే టవర్ చూపించింది. నిబంధన అంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడ. టవర్ అంటే పెద్ద కట్టడమేం కాదు. నది ఒడ్డున ఇనుప చట్రం, పైన ఒక మనిషి నిలబడే చోటు. నీటి మెరుపు కళ్ళకు కొట్టకుండా పోలరాయిడ్ కళ్ళద్దాలు, చేతిలో నొక్కితే అంకె పెరిగే చిన్న మీట. సాకై ప్రవాహం మధ్యలో కాకుండా ఒడ్డువారగా ఎక్కుతుంది. అందుకని రెండు ఒడ్డుల నుంచీ లెక్కపెడతారు. ప్రతి గంటలో ఒక్కో ఒడ్డున పది నిమిషాలు. ఆ పది నిమిషాల లెక్కను ఆరుతో హెచ్చవేస్తే ఆ గంట లెక్క. రాత్రి దీపం వెలుతురులో ఇదే పని. వర్షంలోనూ ఇదే పని.

ఆ అమ్మాయి లెక్కపెడుతుంటే పక్కన నిలబడ్డాను. నీళ్ళలో ముదురు గీతల్లా చేపలు, ఒకదాని వెనక ఒకటి, ఒడ్డును రాసుకుంటూ పోతున్నాయి. ఆమె కన్ను తిప్పలేదు. టిక్కు టిక్కుమని మీట ఆగకుండా నొక్కుతూనే ఉంది. పది నిమిషాలు కాగానే అంకె పుస్తకంలో రాసుకుంది. ఆ అంకె సాయంత్రానికల్లా కార్యాలయానికి చేరుతుంది. మర్నాడు కొన్ని వందల పడవలు వల దించాలా ఆగాలా అన్నది అలాంటి అంకెల మీద ఆధారపడుతుంది.

ఆమె పది నిమిషాలను అంత పట్టుగా కాపాడుతోంది. నేను వాటిలో ఒకటిన్నర రెట్లు, పదిహేను నిమిషాలు, దొంగిలించాను. చేప నది ముఖద్వారం దగ్గర గుంపు కట్టి ఉన్నప్పుడు, వేట మూసిన మొదటి గంటల్లోనే ఎగువకు పోవాల్సినవి పోతాయి. నాలుగు వందల పడవలు ఒకచోట ఉన్నాయనుకుందాం. వలలన్నీ చివరలు కలిపితే వంద కిలోమీటర్లు దాటుతుంది. ప్రతి పడవలోనూ నాలాంటివాడు ఒకడుండి "ఇంకా ఉంది" అంటే, ఆ టవర్ దగ్గర మీట నొక్కాల్సిన అవసరమే రాదు. పెట్టిన లక్ష్యానికి అర్థం ఉండదు. మా అమ్మమ్మ ఎంత కరువొచ్చినా విత్తనాలకు దాచిన గాదె జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు. నేను చెయ్యి పెట్టింది అలాంటి గాదెలో.

ఆ నీళ్ళ మీద హక్కున్నది పడవలకు ఒక్కటే కాదన్న సంగతి కూడా నాకు అప్పటికి తట్టలేదు. ఒడ్డున 50 బారల వలలు కట్టుకునే కుటుంబాలున్నాయి. నాక్‌నెక్-క్విచాక్‌లో పట్టుబడిలో 84 శాతం పడవలకు, 16 శాతం ఒడ్డు వలలకు అని వాటా రాసి ఉంది. ఎగువన యూపిక్, డెనైనా, అలూటిక్ జనం ఊళ్ళున్నాయి. వాళ్ళు ఈ చేపను చీల్చి, ఎండబెట్టి, పొగబెట్టి చలికాలానికి దాచుకుంటారు. వాళ్ళ తాతముత్తాతలూ అదే చేశారు. ఆ పైన ఎలుగుబంట్లున్నాయి. చచ్చిన చేప కుళ్ళి ఇచ్చే సత్తువతో పెరిగే సరస్సు ఉంది. ఆ సరస్సులోనే రేపటి పిల్లచేప పెరగాలి. మూసిన సమయం వీళ్ళందరి వంతు.

బ్రిస్టల్ బే అన్నివేళలా ఇంత నిండుగా లేదు. 1973లో బే మొత్తం మీద పట్టిన సాకై పది లక్షలు కూడా లేదు. 2022లో వచ్చిన చేప సుమారు 7.9 కోట్లు, పట్టింది 6 కోట్ల దాకా. అన్నేళ్ళ రికార్డుల్లో అదే అత్యధికం. ఇదంతా నిబంధనల పుణ్యమేనని నేను అనను. 1970ల మొదట్లో విపరీతమైన చలికాలాలు దెబ్బతీశాయి. 1976 తర్వాత 200 మైళ్ళ లోపల విదేశీ నౌకల వేట తగ్గింది. సముద్రపు వేడి కూడా ఈ నదులకు కలిసొచ్చింది. కానీ మంచి రోజులు వచ్చినప్పుడు ఎగువకు చేరిన తల్లిచేప ఉండబట్టే ఆ మంచి పిల్లలుగా మారింది.

తల్లిచేప లేనిచోట ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. కాలిఫోర్నియాలో కరువులు, నీటి మళ్ళింపులు, వేడెక్కిన నదులు కలిసి సాల్మన్‌ను కుంగదీశాయి. 2023లో అక్కడ సముద్రంలో వాణిజ్య సాల్మన్ వేట మొత్తం మూసేశారు, 2024లోనూ మూసేశారు. యూకాన్ నదిలో కింగ్ సాల్మన్ ఎంత తగ్గిందంటే, 2024లో అలాస్కా, కెనడా కలిసి ఏడేళ్ళపాటు దాని వేట ఆపాలని ఒప్పుకున్నాయి. ఆ నది ఒడ్డున తరాలుగా ఆ చేప తిని బతికినవాళ్ళు కూడా ఆగాల్సి వచ్చింది. బ్రిస్టల్ బేలో కొన్ని గంటల మూత నన్ను విసిగించింది. ఆ గంటలకు విలువ ఇవ్వగలిగే స్థితి దాటిపోయిన నదుల దగ్గర ఏళ్ళ తరబడి మూత.

తిరిగొచ్చాక మావయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పాను. బోటు ఎప్పుడో అమ్మేసినా ఆయన మనసంతా సముద్రం మీదే. శ్రద్ధగా విన్నారు. "అక్కడ లెక్కెట్టి తెరుత్తారు, లెక్కెట్టి మూత్తారు. ఇక్కడ ఎవడు లెక్కెడతన్నాడ్రా? తేదీ ఏసేసి కూకుంటారు. ఒక్కో చేప ఒక్కో కాలంలో గుడ్డెడద్ది. కలాసీ ఆ రెండు నెలలూ ఏం తినాలి?" అన్నారు.

ఆయన మాటలో న్యాయం ఉంది. మన సముద్రంలో ఒక్క వలలోనే పదుల రకాలు పడతాయి. వంజరం, చందువా, కానాగడతలు, రొయ్య, వేటి కాలం వాటిది. టవర్ ఎక్కి లెక్కపెట్టే వీలు లేదు. అందరికీ కలిపి ఒక కాలం మూయడం కన్నా వేరే దారి దొరకడం కష్టం. కూలి మీద బతికే కలాసీకి ఆ రెండు నెలలు గడవడం ఇంకా కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ కాలపు భృతి 2019లో పది వేలకు, 2025లో ఇరవై వేలకు పెరిగింది. అది సమయానికి చేతికొస్తేనే నిషేధం నిలుస్తుంది. ఆకలితో ఉన్నవాడికి నిబంధన చెప్పి లాభం లేదు. లెక్క చూపించకుండా నమ్మమంటే నమ్మరు కూడా. బ్రిస్టల్ బేలో జాలరి ఉత్తర్వును తిట్టుకుంటూ పాటించడానికి కారణం ఉంది. ఆ ఉత్తర్వు వెనకున్న అంకె అదే రోజు రేడియోలో వాడి చెవిన పడుతుంది.

అయినా ఒక్క విషయంలో నేను మావయ్యతో ఏకీభవించలేకపోయాను. నేను టైము దొంగిలించింది ఆకలితో కాదు. రెండ్రోజులు ముందు వెళ్ళే మరబోటు యజమానిదీ చాలాసార్లు ఆకలి కాదు, పక్కవాడి కన్నా ముందు దక్కించుకోవాలన్న తొందర. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల చిన్న పడవల వాళ్ళకని వదిలిన నీళ్ళలోకి పెద్ద బోటు ట్రాల్ వల లాగుతూ వస్తే, అది కూడా నేను చేసిన పనే. నిబంధన సరిగా లేదనిపిస్తే మార్చమని అడగాలి, సంఘంలో పోట్లాడాలి, లెక్కలు చూపించమని నిలదీయాలి. చాటుగా సాగదీస్తే దెబ్బ తగిలేది సర్కారుకు కాదు, దాన్ని పాటించి ఒడ్డున కూర్చున్న పక్క బోటువాడికి. ఇది చెప్పాక మావయ్య కాసేపాగి, "మేవూ ఎళ్ళావులేరా ఓసారి" అన్నారు. ఎక్కడికని నేను అడగలేదు.

మరుసటి వేసవి కెప్టెన్ మళ్ళీ పిలిచారు, వెళ్ళాను. ఈసారి పుస్తకం మొత్తం చదివి వెళ్ళాను. మూసే ప్రతిసారీ టైము పైకి చెప్పాను. మొదటి ఉత్తర్వు రోజున ఆ కుర్రాడు ఫోన్ తీసి సరిచూసుకున్నాడు. కొన్నాళ్ళకు మానేశాడు.

నన్ను అడుగుతున్న తమ్ముళ్ళకు చెప్పేది ఇది. కష్టం చేయగలిగితే వెళ్ళండి, మంచి పని. ధర ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా ఒప్పుకునేలా మీ ఇంటి లెక్క ముందే చూసుకోండి. నా తొందర పుట్టింది ఆ లెక్కలోంచే. నిబంధనల పుస్తకం ప్రయాణానికి ముందే చదవండి. ఉత్తర్వు ఎవరో చెప్పగా వినకుండా రేడియోలో మీరే వినండి. వల నిండుతుంటే మనసు గడియారాన్ని వెనక్కి తిప్పాలని చూస్తుంది, అందుకని టైము మనసులో ఉంచుకోకుండా నలుగురూ వినేలా చెప్పండి. పడవ మీద మీ మాట నమ్మి ఇంకొకరు చెయ్యి పెడతారు, కాలు పెడతారు, కళ్ళు మూసుకుంటారు. ఆ నమ్మకం పోతే ఎంత చేప పట్టినా రాదు. ఇంకో సంగతి. మిమ్మల్ని పనిలోకి తీసుకునే కెప్టెన్ ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఒక్క ప్రశ్న చాలు. వాటా ఎంత, చేప ఎంత అన్నవి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు, ఆరింటికి మూసే రోజున వల లాగడం ఎన్నింటికి మొదలుపెడతారని అడగండి.